సామూహిక ధ్యానం – చేయించేవారు పాటించవలసిన జాగ్రత్తలు

ధ్యానం అనగానే ఒకప్పుడు మనకు గుర్తుకు వచ్చేది పూజగదిలో ఒంటరిగా కూర్చున్న పెద్దవారే. నేడు ధ్యానం నలుగురిలోకి వచ్చినది. 2015 నుండి ఏటా జూన్ 21వ తేదీన యోగ దినోత్సవం జరుగుతున్నది. 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ చేసిన తీర్మానంతో డిసెంబరు 21వ తేదీ ప్రపంచ ధ్యాన దినోత్సవమైనది. ఈ రెండు రోజులే కాక, వారానికొకసారి అపార్టుమెంటు మేడమీదనో, కాలనీ సంఘం హాలులోనో, గుడి మండపంలోనో పాతికమందో ముప్ఫైమందో చేరి ధ్యానం చేయడం ఇప్పుడు మన పట్టణాలలో మామూలు విషయమైపోయినది. ఇది సంతోషించదగిన విషయమే.

పెద్ద పెద్ద ధ్యాన కేంద్రాలలో ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారు ఉంటారు. మన వీధిలో జరిగే ధ్యానాన్ని చేయించేది మాత్రం సాధారణంగా ఒక రిటైరైన ఉపాధ్యాయుడో, పది రోజుల శిబిరానికి వెళ్లివచ్చిన ఒక గృహిణో అయి ఉంటారు. ఒక్కొక్కచోట ‘మీ గొంతు బాగుంటుంది, మీరే చెప్పండి’ అని నలుగురూ ముందుకు తోసిన మొహమాటస్థుడు ఉంటాడు. అటువంటివారిని ఉద్దేశించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ధ్యానం వలన కలిగే లాభాలను పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. చేయించడంలోని సాధకబాధకాలను చెప్పేవారే తక్కువ.

చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సను మూడు విధాలుగా విభజించారు. మంత్రం, హోమం, ఉపవాసం మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలను యుక్తితో ప్రయోగించడం యుక్తివ్యపాశ్రయం. మనస్సును అహితమైన విషయాల నుండి మరల్చి నిగ్రహించడం సత్త్వావజయం. రజస్సు, తమస్సు అనే మనోదోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి ఉపశమన మార్గాలని కూడా అందులోనే చెప్పబడినది. కనుక ధ్యానం మన శాస్త్రంలో వట్టి అలవాటు కాదు, ఔషధ స్థానం కలిగినది. ఔషధమన్న తర్వాత దానికి మాత్ర ఉంటుంది, కాలం ఉంటుంది, పుచ్చుకునే మనిషి బలాబలాలు ఉంటాయి. గంగాళం నిండా కషాయం కాచి, ముప్ఫైమందిని వరుసగా కూర్చోబెట్టి, అందరికీ ఒకే గిన్నెతో కొలిచిపోసే వైద్యుని దగ్గరకు మీరు వెళతారా? సామూహిక ధ్యానం చేయించేవారు, వారికి తెలిసినా తెలియకపోయినా, చేస్తున్నది సరిగ్గా అదే పని. కాబట్టి ఆ గుంపులో అందరికంటే బలహీనుడెవరో చూచుకొని, అతడు తట్టుకోగలిగినంత మాత్రమే అందరికీ ఇవ్వవలెను.

ముందు ప్రశ్న

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నలతో పరీక్షించవలెనని మాకు గురుకులంలో మొదట నేర్పే పాఠం. ధ్యానం చేయించేవారికి కూడా ఈ మూడూ పనికివస్తాయి. అయితే వాటి వరుస వేరు. ధ్యానానికి ముందు ప్రశ్న, ధ్యానం జరుగుతుండగా దర్శనం. స్పర్శన మాత్రం దాదాపు అవసరం లేదు. కళ్లు మూసుకొని కూర్చున్నవారి భుజం మీద ఉన్నట్టుండి చేయి వేస్తే ఉలిక్కిపడతారు. వెన్ను నిటారుగా లేదని వెనుక నుండి వచ్చి సరిచేసేవారిని చూచాను. అది తగదు.

ప్రశ్నకు పది నిమిషాలు కేటాయించండి. కొత్తగా వచ్చినవారిని ప్రక్కకు పిలిచి, అందరి ఎదుట కాకుండా అడగవలెను. చక్కెర వ్యాధి ఉన్నదా, రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారా, మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉన్నదా, ఆస్తమా ఉన్నదా, స్త్రీలైతే గర్భం ధరించి ఉన్నారా, మానసిక వ్యాధికి ఎప్పుడైనా చికిత్స జరిగినదా, ఇటీవల ఇంట్లో ఎవరైనా పోయారా. చివరి రెండు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతారు. ‘మీ ఆరోగ్యం గురించి నేను తెలుసుకోవలసినది ఏమైనా ఉన్నదా అమ్మా?’ అని అడిగి ఊరుకున్నా చాలు. చెప్పదలచుకున్నవారు చెబుతారు.

ఈ ప్రశ్నల వెనుక కారణాలు ఉన్నాయి. ఉదయం ఆరు గంటలకు ధ్యానమనగానే కొందరు ఏమీ తినకుండా వస్తారు. వారిలో ఇన్సులిన్ సూది వేసుకొని వచ్చేవారు, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర మింగి వచ్చేవారు ఉంటారు. అరగంట కదలకుండా కూర్చున్నచోట రక్తంలో చక్కెర పడిపోవచ్చు. నుదుట చెమట, చేతుల వణుకు, గుండెదడ కనబడితే అది ధ్యానంలో కలిగిన అనుభూతి కాదు. మూడు చిన్న చెమ్చాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగించవలెను. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయరాదు, 108కి ఫోను చేయవలెను. హాలులో ఒక మూలన చక్కెర సీసా, మంచినీళ్ల చెంబు ఉంచుకోవడం దీపం, పూలకంటే ముఖ్యం.

మోకాళ్ల నొప్పులున్నవారిని పద్మాసనం వేయమని బలవంతం చేయరాదు. ఆసనానికి పతంజలి కోరినవి రెండే లక్షణాలు, స్థిరత్వం, సుఖం. కుర్చీలో కూర్చుంటే ఆ రెండూ కుదిరేవారికి కుర్చీయే ఆసనం. గుడి మండపంలో దేవుని ఎదుట కుర్చీలో కూర్చోవడానికి పెద్దలు సంకోచిస్తారు. చేయించేవారు తామే కుర్చీలో కూర్చుంటే ఆ సంకోచం తీరిపోతుంది. మార్గశిర, పుష్యమాసాలలో చన్నీళ్లతో కడిగిన బండల మీద కూర్చుంటే వాతం ప్రకోపిస్తుంది. జంపఖానా మీద మరొక దుప్పటి పరచవలెను. గర్భిణులను, ముఖ్యంగా నెలలు నిండుతున్నవారిని, వెల్లకిలా పడుకోబెట్టరాదు. ఎడమప్రక్కకు తిరిగి పడుకోవచ్చు, లేదా కూర్చోవచ్చు.

ఇక సాంబ్రాణి సంగతి. మూసిన గదిలో ఏసీ వేసి, నాలుగు మూలలా అగరువత్తులు వెలిగించి, ఆస్తమా ఉన్నవారిని ‘దీర్ఘంగా శ్వాస తీసుకోండి’ అనడం ఎంత అన్యాయమో చెప్పనవసరం లేదు. పొగ అవసరం లేదు. ఒక పళ్లెంలో నాలుగు మల్లెపూలో సంపెంగలో పెట్టండి. వాటి వాసన కూడా పడనివారు ఉంటే అవి కూడా వద్దు.

ధ్యానం చేయించేవారు ధ్యానం చేయరాదు

ఈ మాట వినగానే కొందరికి కష్టంగా ఉండవచ్చు. తాము కూడా కళ్లు మూసుకొని, తన్మయత్వంతో చెప్తేనే వినేవారికి ధ్యానం కుదురుతుందని వారి నమ్మకం. కాని అందరూ కళ్లు మూసుకున్నచోట ఒక్కరైనా కళ్లు తెరచి ఉండవలెను కదా! దర్శనం అంటే ఇదే.

నేను కోనసీమలో గురువుగారి వద్ద చదువుకున్న రోజులలో తెల్లవారుజామున పరగడుపున నాడి చూడడం నేర్పేవారు. మేము కళ్లు మూసుకొని, శ్రద్ధగా వ్రేళ్లకు అందే నడకను లెక్కపెడుతుంటే, ఆయన ‘నాడి చేతిలో ఉన్నది, రోగి ముఖంలో ఉన్నాడు, కళ్లు తెరవండి’ అని మందలించేవారు. ముప్ఫైమంది ఎదుట కూర్చున్నప్పుడల్లా నాకు ఆ మందలింపు వినబడుతుంది.

ఏమి చూడవలెను? పిడికిళ్లు బిగిసి ఉన్నాయా, దవడలు బిగిసి ఉన్నాయా, ముఖం పాలిపోయినదా, మాటిమాటికి గుటకలు మ్రింగుతున్నారా, శ్వాస పైపైన వేగంగా ఆడుతున్నదా. ఇటువంటివి ఇద్దరు ముగ్గురిలో కనబడితే మౌనాన్ని పొడిగించరాదు. ‘కళ్లు తెరవాలనిపిస్తే తెరవండి, ఎదురుగా నేలను చూస్తూ కూర్చోండి’ అని అందరికీ చెప్పినట్లుగానే చెప్పవలెను. ఎవరి పేరూ ఎత్తరాదు. కళ్లు మూసుకుంటే భయపడేవారు మనం అనుకునేదానికంటే ఎక్కువమంది ఉన్నారు. వారికి అర్ధనిమీలిత నేత్రాలు చాలు. బుద్ధ విగ్రహాలలో కనబడేది కూడా అదే.

ప్రకృతులను బట్టి కూడా తేడాలు కనబడతాయి. వాతప్రకృతి కలవారు కాలివ్రేళ్లు కదుపుతూ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ ఉంటారు. వారిని గోడ దగ్గర, ఫ్యాను గాలి నేరుగా తగలనిచోట కూర్చోబెట్టండి. ముందురోజు రాత్రి అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చేసుకొమ్మనండి. పిత్తప్రకృతి కలవారు ధ్యానంలో కూడా పందెం వేసుకుంటారు. ‘నాకు పది నిమిషాలకే కుదిరింది, ఆయనకు ఇంకా కుదరలేదు’ అని ప్రక్కవారితో అంటారు. వారికి పొగడ్త తగ్గించవలెను. కఫప్రకృతి కలవారు నిద్రపోతారు. గురక మిగిలినవారికి ఇబ్బంది కాకపోతే వారిని నిద్రపోనివ్వండి. ఈ కాలంలో ఆ అరగంట నిద్ర దొరకడం కూడా అదృష్టమే.

వేగాలను ఆపరాదు

సామూహిక ధ్యానంలో నేను చూచిన లోపాలలో అన్నిటికంటే సాధారణమైనది ఇది. చప్పుడు చేయరాదని ఒక్క మాట చెప్పగానే, వచ్చినవారు దగ్గు ఆపుకుంటారు, తుమ్ము ఆపుకుంటారు, ఆవులింత మింగుతారు, మూత్రం వస్తున్నా లేవరు. చరకుడు ఆపకూడని వేగాలను పదమూడింటిని చెప్పాడు. మలమూత్రాలు, అపానవాయువు, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దాహం, నిద్ర, శ్రమ వలన వచ్చే ఆయాసం మొదలైనవాటితోపాటు కన్నీరు కూడా ఆ జాబితాలో ఉన్నది. నిగ్రహించవలసినవి వేరే చెప్పాడు. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటివి. మన ధ్యాన సభలలో తరచు ఇది తలక్రిందులవుతుంది. తుమ్మును ఆపుకొని, తుమ్మినవాని మీద కోపాన్ని మాత్రం అట్టే ఉంచుకుంటారు!

మొదలుపెట్టేముందే స్పష్టంగా చెప్పండి. ‘దగ్గు వస్తే దగ్గండి. కాలు తిమ్మిరెక్కితే మార్చుకోండి. బయటికి వెళ్లవలసి వస్తే నిశ్శబ్దంగా వెళ్లి రండి, ఎవరూ ఏమీ అనుకోరు.’ ఈ మూడు వాక్యాలు చెప్పిన రోజున హాలులో చప్పుడు తగ్గుతుంది. ఆపుకోవలసిన పని లేదని తెలిసిన దగ్గు సగం తానే తగ్గిపోతుంది.

కన్నీటి గురించి కొంచెం వివరంగా చెప్పవలెను. కన్నీటిని అణచుకుంటే పడిశం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తల తిరగడం కలుగుతాయని శాస్త్రం. భర్త పోయి నాలుగు నెలలైన ఒక గృహిణిని చుట్టుప్రక్కలవారు ‘మనసు కుదుటపడుతుంది రా వదినా’ అని ధ్యానానికి తీసుకువచ్చారు. మూడవ వారం మౌనంలో ఆమెకు దుఃఖం వచ్చినది. ప్రక్కన కూర్చున్న ఇద్దరు ఆమె చేతులు పట్టుకొని ‘ఊరుకో, ఊరుకో’ అన్నారు. వెనుక నుండి ఒకరు ‘కర్మ కరుగుతున్నది’ అన్నారు. ఆమె మరల ఆ హాలు గడప తొక్కలేదు. ఏడ్చినందుకు కాదు, అందరూ చూచినందుకు.

అటువంటప్పుడు చేయవలసినది చాలా స్వల్పం. చేయించేవారు అదే గొంతుతో, అదే వేగంతో చెప్పుకుంటూ పోవలెను. ఒక గ్లాసు నీళ్లు ఆమెకు అందేచోట పెట్టించవలెను. అంతే. కారణం అడగరాదు, అర్థం చెప్పరాదు. తర్వాత అందరూ వెళ్లాక ‘కాసేపు కూర్చుని వెళ్లమ్మా’ అనవచ్చు. ఆమె చెబితే వినాలి, చెప్పకపోతే ప్రక్కన కూర్చోవాలి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, అన్నం సయించకపోవడం, బ్రతికి ప్రయోజనం లేదన్న మాట రావడం ఉంటే, అది ధ్యానానికి లొంగేది కాదు. మానసిక వైద్యుని వద్దకు పంపవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే నెంబరుకు ఫోను చేస్తే మన భాషలోనే మాట్లాడతారు. ఈ నెంబరు హాలు గోడ మీద వ్రాసి ఉంచండి.

ధ్యానం వలన కొందరికి ఆందోళన పెరగడం అపూర్వమేమీ కాదు. 83 అధ్యయనాలను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక సమీక్షలో, ధ్యానం చేసినవారిలో సుమారు 8 శాతం మందికి ఆందోళన, దిగులు వంటి ఇబ్బందులు కలిగినట్లు లెక్కవేశారు. ముప్ఫైమందిలో ఇద్దరు ముగ్గురు అన్నమాట. లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి ఉన్మాద లక్షణాలు ఒకప్పుడు ఉండి తగ్గినవారికి దీర్ఘమౌనం పనికిరాదు. వారి వైద్యుని అనుమతి ఉంటే, భజనకో స్తోత్రపారాయణకో రమ్మనండి. నోటికి, చెవికి పని ఉన్నంతసేపు వారి మనస్సుకు ఆధారం ఉంటుంది.

ఊపిరి ఎవరిది వారిదే

‘పీల్చండి... ఆపండి... వదలండి...’ అని ఒక గొంతుతో ముప్ఫైమంది ఊపిరిని నడిపించడం చూడడానికి బాగుంటుంది. శరీరాలకు బాగుండదు. పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుండి 20 సార్లు శ్వాసిస్తారు. డెబ్బై ఏళ్లవారి శ్వాస, పాతికేళ్లవారి శ్వాస, ఆస్తమా ఉన్నవారి శ్వాస ఒకే పొడవుగా ఉండవు. మీ లెక్కకు అందనివారు కంగారుపడి, గబగబా పెద్ద ఊపిరులు తీస్తారు. అప్పుడు రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అవసరానికంటే తగ్గిపోతుంది, మెదడుకు పోయే రక్తనాళాలు సంకోచిస్తాయి. తల తిరుగుతుంది, పెదవుల చుట్టూ, వ్రేళ్ల కొసలలో తిమ్మిరి పుడుతుంది, ఒక్కొక్కరికి వ్రేళ్లు కొంకర్లు పోతాయి. దీనినే కుండలిని మేల్కొన్నదని సంబరపడేవారిని నేను ఎరుగుదును. కుండలిని అంత చవకగా మేల్కొనేదే అయితే మెట్లెక్కి ఆయాసపడే ప్రతివాడూ యోగి కావలెను.

భస్త్రిక, కపాలభాతి, కుంభకం గురుముఖతః ఒక్కొక్కరికి నేర్పవలసినవి. గుంపులో వద్దు. మూర్ఛలు, గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు అసలే వద్దు. ‘ఊపిరి ఎట్లా వస్తే అట్లా రానివ్వండి, వచ్చిపోయేదానిని గమనించండి’ అంటే చాలును. శ్వాసను నెమ్మది చేయాలంటే దానికి ఆజ్ఞలకంటే మంచి ఉపాయం ఉన్నది. మంత్రాలను, ప్రార్థనలను నిదానంగా పలికేటప్పుడు శ్వాస దానంతట అదే నిమిషానికి ఆరింటికి దగ్గరగా వస్తున్నదని 2001లో ఇటలీ పరిశోధకులు కొలిచి చూపారు. ఓంకారమో, వారి వారి ఇష్టదైవం నామమో, ఏ మతంవారు వారి ప్రార్థనో, మెల్లగా పదకొండుసార్లు అనిపించండి.

ఏమి చెప్పవలెను, ఎట్లా చెప్పవలెను

సెల్‌ఫోనులో దొరికే ధ్యాన ప్రసంగాలను విని, వాటినే అప్పగించేవారు ఎక్కువయ్యారు. వాటిలో తప్పనిసరిగా ఒక ఊహ ఉంటుంది. ‘మీరు సముద్రతీరంలో ఉన్నారు, అలలు మీ పాదాలను తాకుతున్నాయి’ అని. ఒకచోట ఈ మాట వినగానే ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయిన రాత్రి ఆయనకు పదిహేడేళ్లు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, ఏసీ హాలులో, ఎవరో మధురమైన గొంతుతో మరల ఆయన పాదాల దగ్గరికి ఆ అలలను తెచ్చారు. చెప్పినవారికి ఆ సంగతి తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. అందుకే సముద్రం, నది, అడవి, ఆకాశంలో తేలడం, చిన్ననాటి ఇల్లు, తల్లి ఒడి ఇటువంటి ఊహలు గుంపులో వాడరాదని నా అభిప్రాయం. ఎవరికి ఏది పుండో మనకు తెలియదు. అరికాలు, అరచేయి, శ్వాస ఇవి అందరికీ ఉన్నవే.

ఇరవై నిమిషాల ధ్యానానికి నేను అనుసరించే క్రమం ఇది. మొదటి రెండు మూడు నిమిషాలు కూర్చోవడానికి. ‘మీ బరువంతా నేల మోస్తున్నది, కుర్చీ మోస్తున్నది. మీరు మోయవలసినది ఏమీ లేదు.’ ఆ తర్వాత ఐదారు నిమిషాలు శరీరం. బీహార్ యోగ విద్యాలయానికి చెందిన స్వామి సత్యానంద సరస్వతి రూపొందించిన యోగనిద్రలో ఈ గమనం కుడిచేతి బొటనవ్రేలి నుండి మొదలవుతుంది. మన సంధ్యావందనంలోని కరన్యాస, అంగన్యాసాలు ఎరిగినవారికి దాని మూలం వెంటనే తెలుస్తుంది. కొత్తవారికి నేను అరికాళ్ల నుండి మొదలుపెడతాను. నేలకు ఆనిన చోటు కనుక స్పర్శ సులభంగా తెలుస్తుంది. ‘అరికాళ్లు... చీలమండలు... పిక్కలు... మోకాళ్లు...’ ఒక్కొక్క మాటకు మధ్య ఒక పూర్తి శ్వాస విరామం ఇవ్వండి. ఆ విరామం ఎంతో తెలియాలంటే మీరు కూడా ఒకసారి పీల్చి వదలవలెను.

నొప్పి ఉన్నచోట ఆగరాదు. ‘మోకాళ్లలో నొప్పి తగ్గిపోతున్నది’ అనరాదు. తగ్గనివారికి తమలోనే ఏదో లోపం ఉన్నదన్న దిగులు పుడుతుంది. ‘మీకు వెలుగు కనిపిస్తున్నది’ అన్నా అంతే. కనిపించనివారు పది వారాలు వెదకి, పదకొండవ వారం కనిపించిందని అబద్ధం చెబుతారు. ‘మనస్సును శూన్యం చేయండి’ అన్న మాట అన్నిటికంటే నిరుపయోగం. ఆలోచనలు రావడం మనస్సు స్వభావం. ‘ఆలోచన వచ్చినదా, వచ్చినట్లు తెలిసినది కదా, మరల శ్వాస దగ్గరకు రండి’ అనండి.

ఆ తర్వాత మౌనం. కొత్తవారికి ఒకేసారి రెండు నిమిషాలకంటే ఎక్కువ ఇవ్వకండి. మధ్యలో ‘శ్వాస వస్తున్నది, పోతున్నది’ అని మీ గొంతు ఒకసారి వినిపించవలెను. చీకటిలో నడిచేవారికి ముందున్నవారి దగ్గు వినబడినంత ధైర్యం. నెలలు గడిచిన కొద్దీ రెండు నిమిషాలు ఐదు కావచ్చు. ఎదురుగా గడియారం పెట్టుకోండి. మౌనంలో కూర్చున్నవారికే కాదు, చేయించేవారికి కూడా కాలం తెలియదు.

చివరి నాలుగు నిమిషాలను ఎక్కువమంది నిర్లక్ష్యం చేస్తారు. గంట కొట్టి, లైట్లు వేసి, ‘ఇక లేవండి’ అంటారు. రక్తపోటుకు మాత్రలు వాడే పెద్దవారు చటుక్కున లేస్తే తలకు రక్తం చాలక తూలిపడతారు. ఆ వయస్సులో పడితే తుంటి ఎముక విరగవచ్చు. ముందు చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు కదిలించమనండి. అరచేతులు రుద్దుకొని కళ్లమీద ఉంచుకొమ్మనండి. పడుకున్నవారు ఒక ప్రక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేచి, రెండు నిమిషాలు కూర్చుని, అప్పుడు నిలబడవలెను. లైట్లు చివరన వేయండి. స్కూటరు మీద వచ్చినవారిని మరి పది నిమిషాలు కూర్చోబెట్టి, గోరువెచ్చని జీలకర్ర నీళ్లు ఇచ్చి పంపండి.

మాత్రలు మానిపించే అధికారం మీకు లేదు

ఇది మాత్రం గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఒక పట్టణంలో వారం వారం ధ్యానం చేయించే ఒక పెద్దమనిషి ‘మండలం రోజులు చేయండి, మీ మాత్రలు వాటంతట అవే పోతాయి’ అని అలవాటుగా అనేవారు. విన్నవారిలో ఒకాయన నిజంగానే రక్తపోటు మాత్రలు మానివేశారు. తల తేలికగా ఉన్నదని అందరికీ చెప్పుకున్నారు కూడా. మూడు వారాల తర్వాత ఒక ఉదయం వారి అమ్మాయి నాకు ఫోను చేసినది. నాన్నగారి మూతి ఒక ప్రక్కకు పోయింది, కుడిచేయి లేవడం లేదు, పక్షవాతానికి తైలం చెప్పండి అని. తైలం సంగతి తర్వాత, ముందు 108 పిలిచి పెద్ద ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. రక్తపుగడ్డ కరిగే మందు లక్షణాలు కనబడిన నాలుగున్నర గంటలలోపు పడితేనే పని చేస్తుంది. ఆయన బ్రతికారు. కుడిచేతితో అన్నం కలుపుకోవడం మాత్రం నేటికీ రాలేదు. ఆ పెద్దమనిషి దురుద్దేశంతో అన్నారని నేను అనను. కాని నలుగురి ఎదుట ఎత్తుపీట మీద కూర్చున్నవారి మాటకు, పక్కింటివారి మాటకు లేని బరువు వస్తుంది.

గుండెజబ్బుల విషయంలో ధ్యానాన్ని ప్రామాణిక చికిత్సకు తోడుగా పరిగణించవచ్చునని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఒక ప్రకటనలో పేర్కొన్నది. తోడుగా మాత్రమే, బదులుగా కాదు. ఆయుర్వేద మందులు వాడేవారికి కూడా నేను చెప్పేది ఇదే. రక్తపోటు తగ్గితే మాత్ర తగ్గించవలసినది దానిని వ్రాసిన వైద్యుడు, కొలిచి చూచి. మొదటి రోజునే, సభలో అందరూ వినేటట్లు, ‘ఇక్కడికి వస్తున్నామని ఎవరూ మందులు మానరాదు’ అని చెప్పండి. నెలకొకసారి మరల చెప్పండి. కొత్తవారు వస్తూనే ఉంటారు.

చేయించేవారి ఆరోగ్యం

కళ్లు తెరచి కూర్చోవలసి ఉన్నది కనుక, ధ్యానం చేయించేవారికి ఆ సభలో ధ్యానం కాదు. వారిది ఇంటిదగ్గర, వేరుగా, ముందే అయిపోవలెను. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే బ్రాహ్మీముహూర్తంలో లేవవలెనని శాస్త్రం చెప్పినది స్వస్థునికి. జ్వరంతోనో, రాత్రి నిద్ర లేకనో, ఇంట్లో మాటామాటా వచ్చి మనస్సు కలతపడో ఉన్ననాడు ఆ బాధ్యత మరొకరికి అప్పగించవలెను. మీ గొంతులోని విసుగు మీకంటే ముందు కళ్లు మూసుకున్నవారికి తెలుస్తుంది.

గొంతును లాలించుకోవలెను. సభకు ముందు పెరుగు, చల్లని నీరు, పులుపు మానండి. అతిమధురం వేరుముక్క చిన్నది బుగ్గన ఉంచుకొని రసం మింగితే స్వరం మృదువుగా వస్తుంది. అధిక రక్తపోటు ఉన్నవారు దీనిని వాడరాదు, అది రక్తపోటును పెంచుతుంది. వారు పటికబెల్లం పలుకు, రెండు మిరియపు గింజలు కలిపి నమలవచ్చు. చక్కెర వ్యాధి ఉన్నవారికి పటికబెల్లం కూడా వద్దు, గోరువెచ్చని నీటిలో ఉప్పు, చిటికెడు పసుపు వేసి పుక్కిలిస్తే సరిపోతుంది. మైకు పెట్టుకోకుండా చివరి వరుసకు వినబడేటట్లు చెప్పగలిగినంతమందినే చేర్చుకోండి. అంతకుమించి వస్తే రెండవ రోజున మరొక సభ పెట్టండి.